పిట్టలు తోలినవాళ్లం పిట్టల్ని చూడబోయాం

మా తమ్ముడు యాదగిరికి తల్లి ముఖం తెలియదు. నాకు తెలుసని వాడి నమ్మకం. మొన్నటి చలికాలం దాకా నాకూ అదే నమ్మకం. మా దిక్కు తల్లిని అవ్వ అంటాం. జ్వరం వచ్చి అవ్వ పోయేనాటికి వాడింకా పాకుతున్నాడు, నాకు ఏడో ఎనిమిదో ఉంటాయి. ఇంట్లో ఒక్క ఫోటో లేదు. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని మా నాయనమ్మ భయం. ఆ భయం లేకపోయినా మా ఊరికి ఫోటోలు తీసేవాడు ఎందుకొస్తాడు? అందుకని వాడు ఊహ తెలిసినప్పటి నుంచి నన్నే అడిగేవాడు. చిన్నప్పుడు అడిగాడు, పెళ్లయ్యాక అడిగాడు, ఆటో నడిపే రోజుల్లో మూసాపేట నుంచి వచ్చి నా గడపలో కూర్చుని చాయ్ సాసర్‌లో పోసుకుంటూ అడిగాడు, మనవలు పుట్టాక కూడా అడిగాడు. "అక్కా, అవ్వ ఎట్లుండేది?"

"పెద్దగుండేదిరా. పొడుగు. చేతులు బలంగ ఉండేటివి. ముందర నిలబడితే వెనక ఎండ కనబడకపోయేది."

"మనిషి సంగతి చెప్పమంటే తాడిచెట్టు సంగతి చెప్తవేందే?"

"నాకు గట్లనే గుర్తున్నది. ఇష్టముంటే విను, లేకుంటే చాయ్ తాగి పో."

ఇదీ మా ఇద్దరి మధ్య ఎప్పుడూ నడిచే మాట. అంతకంటే నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. ముక్కు ఎట్లుండేది, నవ్వితే ఎట్లుండేది అంటే నాకు తోచేది కాదు. వాసన చెప్పమంటే చెప్పేదాన్ని. జొన్న సొప్ప వాసన, పొగ వాసన, ఎల్లిపాయ కారం నూరిన చేతి వాసన. వాసనతో వాడేం చేసుకుంటాడు?

మొన్నటి చలికాలంలో నా మనవరాలు రమ్య ఆఫీసు నుంచి వస్తూనే చెప్పులు కూడా విడవకుండా ఫోన్ నా ముక్కు ముందర పెట్టింది. రమ్య నా కూతురి కూతురు, హైటెక్ సిటీ అవతల అద్దాల మేడలో కంప్యూటర్ పని చేస్తుంది. మేం నిజాంపేటలో ఉంటాం, మా చుట్టూ అన్నీ పిల్లల హాస్టళ్లే. దాని ఆఫీసు ఆవరణలో ఒక జంట బండ ఉంది. కింద గుండ్రటి పెద్ద గుండు, దాని మీద బోర్లించినట్టు ఇంకో పలక. కుండ మీద మూకుడు పెట్టినట్టు ఉంటుందని మా ఊరివాళ్లు దాన్ని మూకుడు గుండు అనేవాళ్లు. చుట్టూ ఉన్నవన్నీ పేల్చి చదును చేశారు గానీ దాన్ని మాత్రం అందానికి ఉంచుకున్నారు, చుట్టూ పచ్చగడ్డి పరిచారు. రమ్య మధ్యాహ్నం డబ్బా తెరిచేది ఆ గుండు నీడలోనే. ఒకప్పుడు మా జొన్నచేను ఉన్నదీ ఆ గుండు పక్కనే. మా మనవరాలు మా చేనులోకే కొలువుకు పోతుంది, ఆ సంగతి దానికి నేను చెప్పేదాకా తెలియదు.

ఫోన్‌లో ఉన్నది ఒక బొమ్మ. పెన్సిల్‌తో గీసింది. దగ్గరలోని బొమ్మల మ్యూజియంలో పాతకాలపు బొమ్మలు కొన్ని పెట్టారట, ఈ చుట్టుపక్కల బండలూ పొలాలూ గీసిన ఎవరో చిత్రకారుడివి. ఆ బొమ్మలో మూకుడు గుండు ఉంది. గుండు ముందర చేను. చేనులో మంచె. మంచె మీద ఒక ఆడమనిషి.

"అమ్మమ్మా, గీమె ఎవరు?" అంది రమ్య.

ఆ గుండు ముందరి చేను మాది. మా చేనులో మంచె ఎక్కే ఆడమనిషి అవ్వ ఒక్కతే. ముఖం చూద్దామంటే గోరంత కూడా లేదు. రమ్య వేళ్లతో పెద్దది చేసింది, చేసిన కొద్దీ ముఖం జొన్నగింజల్లా విడిపోయి చుక్కలు చుక్కలైంది. "పోయి చూడాల్సిందే" అన్నాను. యాదగిరికి ఆ పూటే ఫోన్ చేశాను. వాడు, "ముఖం కనబడ్తదా?" అని ఒక్కటే అడిగాడు.

బొమ్మలాయన నాకు గుర్తున్నాడు. చలికాలపు యాసంగి జొన్న పాలుపట్టే రోజులు. ఆ రోజుల్లో పగలంతా మా ఇంటిల్లిపాదికీ చేనులోనే కాపురం. అవ్వ చీకటితోనే లేచి, వాకిట్లో సానుపు చల్లి, పొయ్యి మీద గటక పెట్టేది. జొన్నరవ్వ గటక ఉడుకుతుంటే గుడిసెంతా ఒక తియ్యటి మాడు వాసన. దాంట్లో సల్ల, అంటే మజ్జిగ, పోసి, ఎల్లిపాయ కారం అద్దుకుని, చలికి వణుకుతూ నిలబడే తినేవాళ్లం. కూర్చుంటే నాయనమ్మ ఊరుకునేది కాదు. "పిట్టలు లేసినయి, మీరు కూసుంటరా?" అనేది. ఆమెకు పిట్టంటే దొంగ. పొద్దు పొడవకముందే చేనుకు చేరకపోతే కంకులన్నీ గింజ లేని బెండ్లే మిగులుతాయని ఆమె బాధ. చేను మధ్యన నాలుగు గుంజల మీద మంచె. దాని మీద నిలబడి అవ్వ వడిసెల తిప్పేది. తెలియని పిల్లల కోసం చెప్తున్నాను, వడిసెల అంటే జనుముతో అల్లిన తాడు, నడుమ రాయి పెట్టే గుంత, ఒక కొస వేలికి తగిలించుకుని గిర్రున తిప్పి రెండో కొస వదిలితే రాయి చేను అవతల పడుతుంది. రాయి కంటే తాడు చేసే చప్పుడుకే పిట్టలు లేస్తాయి. దానితోపాటు కూత. నేను చేను అంచుల వెంట పగిలిన డబ్బా కొట్టుకుంటూ తిరిగేదాన్ని. నా అరికాళ్లకు మంచు తడి, మొలకు కట్టిన బట్ట కింద పిక్కలకు జొన్నాకుల గీరలు. ఎండెక్కినాక అవ్వ దిగి రెండు లేత కంకులు నిప్పుల మీద కాల్చి అరచేతుల్లో నలిచి ఊదేది, పొట్టు ఎగిరిపోయి ఆకుపచ్చ గింజలు మిగిలేవి. ఆ గింజల రుచి కోసం నేను ఈ నగరంలో అడగని అంగడి లేదు.

అటువంటి ఒక పొద్దున సైకిల్ మీద ఒక పట్నపాయన వచ్చాడు. మూకుడు గుండుకు ఎదురుగా కూర్చుని, ఒళ్లో పలక పెట్టుకుని, మా వైపు చూడటం, రాసుకోవడం. నాయనమ్మ గుండె జారింది. చేను కొలిచి శిస్తు పెంచే గిర్దావరు అనుకుంది. వెంటనే చెంబెడు సల్ల తీసుకుపోయి, "అయ్యా, చేనంతా రాళ్లే, పండేదంతా పిట్టలకే" అని మొదలుపెట్టింది. ఆయన సల్ల తాగాడు, నవ్వాడు, రాసుకుంటూనే ఉన్నాడు. నాయనమ్మ ఇంకా భయపడి మరునాడు రొట్టెలు కూడా పట్టుకుపోయింది. రెండు మూడు రోజులు మా రొట్టెలు తిని ఆయన వెళ్లిపోయాడు. ఆ ఏడు శిస్తు పెరగలేదు. తన రొట్టెల వల్లనే పెరగలేదని నాయనమ్మ చచ్చేదాకా చెప్పుకుంది. ఆయన గీసింది బొమ్మ అని మాకెవరికీ తోచలేదు.

మ్యూజియంకు ఆదివారం పోదామని అనుకున్నాం. అదే ఆదివారం రమ్య ఆఫీసులో పిట్టలు చూసేవాళ్ల గుంపు తెల్లవారుజామున చెరువుకు పోతుందట, అక్కడి నుంచి మధ్యాహ్నం అందరూ కలిసి మ్యూజియంకే. బండి వాళ్లే పెడతారు. "మీరిద్దరు గూడ రండి" అంది రమ్య. పిట్టల్ని చూడటానికి ఎవరైనా పనిగట్టుకుని పోతారా అని నాకు నవ్వొచ్చింది. యాదగిరి అయితే బండి ఎక్కుతూనే మొదలుపెట్టాడు.

"పిట్టల్ని జూసి ఏం జేస్తరు బిడ్డా? కొట్టుకొస్తరా?"

"లేదు తాతా, ఊకె చూస్తరు."

"చూసి?"

"రాసుకుంటరు."

"మా నాయనమ్మ ఉంటే మీకు సల్ల పోసేది" అన్నాడు. నేను నవ్వాపుకోలేకపోయాను. రమ్యకు అర్థం కాలేదు, దారిలో గిర్దావరు కథ చెప్తే బండిలో పిల్లలందరూ విరగబడ్డారు. యాదగిరికి ఆ రోజు ఉషారెక్కువైంది. ఉతికిన తెల్ల అంగీ వేసుకున్నాడు, గడ్డం గీయించుకున్నాడు, మోకాలికి పట్టీ కట్టుకున్నాడు. వాడు పెళ్లిచూపులకు కూడా అంత తయారు కాలేదు. స్టీలు టిఫిన్ డబ్బాలో జొన్నరొట్టెలు పెట్టుకుని ఒళ్లో పట్టుకు కూర్చున్నాడు.

చెరువు గచ్చిబౌలి దాటాక. అటు ఒడ్డున మేడలు, ఇటు ఒడ్డున తుమ్మలు, జమ్ము. మంచు నీళ్ల మీద నుంచి లేస్తోంది. గుంపుకు పెద్ద కిరణ్ అనే పిల్లవాడు, కోస్తా దిక్కు వాడు, ప్రతి మాటకూ అండి తగిలిస్తాడు. మెడలో దుర్భిణి. "అమ్మమ్మ గారండి, తాతగారండి, ఇక్కడ మనం మాట్లాడకూడదండి. కదలకూడదండి. ఇవాళ మనం చూడబోయేవి చాలా దూరం నుంచి వచ్చే అతిథులండి. వారం నుంచి వీటి కోసం చూస్తున్నామండి" అన్నాడు. ఆ పిల్లవాడి గొంతులో నిజంగానే అతిథులకు ఎదురుపోయే ఆత్రం ఉంది. నాకు ముచ్చటేసింది. సరే బాబూ అన్నాను. దుర్భిణి నా కళ్లకు పెట్టాడు. నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది, దాని కంటి ఆకుపచ్చ కూడా కనబడింది. డెబ్బై ఏళ్లు వచ్చాక నీటికాకి కన్ను ఆకుపచ్చ అని తెలిసింది. చిన్నపిల్లలా, "ఒరే యాదగిరి, గిది చూడు, గిది చూడు!" అంటుంటే అందరూ ష్ష్ అన్నారు.

అప్పుడొచ్చాయి. జమ్ములో నుంచి ఒక్కసారి మబ్బు లేచినట్టు లేచాయి, గిర్రున తిరిగి మా పక్కనున్న తుమ్మల మీద వాలాయి. కొమ్మ కనబడకుండా వాలాయి. నల్లటి తల, గులాబీ రంగు ఒళ్లు. కిరణ్ ఊపిరి బిగబట్టి, "రోజీ స్టార్లింగ్స్ అండి" అని గొణిగాడు. పేరు నాకెందుకు? నేను వాటిని ఎరుగుదును. మేం వాటిని జొన్నపిట్టలు అనేవాళ్లం. చిలుకలు కంకులు కొరికి పోతాయి, పిచ్చుకలు గింజలు రాలుస్తాయి, ఇవి మాత్రం వాలాయంటే చేను చేను ఖాళీ. వీటిని చూస్తే నాయనమ్మ ఏడ్చేది. ఇవన్నీ నేను తీరిగ్గా ఆలోచించాను అనుకోకండి. ఏమీ ఆలోచించలేదు. నా చెయ్యి దానంతట అదే తల మీదికి లేచి తిరిగింది, నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"హో... ఓ... ఓ... హోయ్! హా!"

నా పక్కన డబ్బా మూత డబ్బాకు కొట్టుకుని టంగ్ టంగ్ టంగ్‌మంది. యాదగిరి. అవ్వ పోయినాక వాణ్ని చంకలో వేసుకుని నేనే మంచె మీద పెంచాను మరి, వాడికీ అదే అలవాటు. పిట్టలన్నీ గుప్పున లేచాయి. గుంపు తలలన్నీ మా వైపు తిరిగాయి. కిరణ్ ముఖం చూస్తే నాకే జాలేసింది.

"అమ్మమ్మా! ఏం జేసినవే!" అంది రమ్య.

"ఏం జేయలేదే. తోలిన."

"ఎందుకు తోలినవ్?"

"వాలితే తోలకుంటే ఏం జేస్తరు?"

యాదగిరి డబ్బా మూత వెనక దాచుకుంటూ, "జొన్న దక్కింది తియ్" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఈలోగా ఆ పిట్టలు పోలేదు. చెరువు మీద ముడుచుకుని, విచ్చుకుని, ఒక పెద్ద దుప్పటి దులిపినట్టు తిరుగుతున్నాయి. అవతలి మేడల అద్దాలన్నింటిలోనూ అవే. పైన ఒక మబ్బు, నీళ్లల్లో ఒక మబ్బు, అద్దాలలో ఒక మబ్బు. పిల్లలందరూ ఫోన్లు ఎత్తి కేకలు పెట్టారు, కదలకూడదు మాట్లాడకూడదు అన్నవాళ్లే గంతులు వేశారు. కిరణ్ కూడా. అంతా అయ్యాక నా దగ్గరికొచ్చి చేతులు జోడించి, "చాలా బాగుందండి. కానీ మళ్లీ అరవకండి, మీకు దణ్ణం పెడతాను" అన్నాడు. అవి ఎక్కడి నుంచో మంచు కొండల అవతల దేశాల నుంచి వస్తాయని చెప్పాడు. "అంత దూరం నుంచి మా చేను మీదికేనా వచ్చింది?" అన్నాను. నా కోపం నిజమే. కానీ చెప్పొద్దూ, లోపల ఎక్కడో గర్వం కూడా కలిగింది. అన్ని దేశాలు దాటి మా అవ్వ పండించిన జొన్న కోసం వచ్చాయి కదా.

మధ్యాహ్నం చెట్టు కింద అందరం తిన్నాం. పిల్లలు రొట్టెల్లోకి జీడిపప్పు కూర నంచుకున్నారు, మేం ఎల్లిపాయ కారం. ఒక పిల్ల మా కారం అడిగి తిని, కళ్లల్లో నీళ్లు పెట్టుకుని, ఇంకొంచెం అడిగింది. అక్కడి నుంచి మ్యూజియం దాకా బండిలో పోతుంటే నేను కిటికీలో నుంచి చూస్తూ కూర్చున్నాను. ఆ రోడ్ల వెంట మేడల్లో కొన్నింటికి నేనే ఇసుక తట్టలు మోశాను. అప్పట్లో అవి పెరుగుతుంటే మంచెలు కడుతున్నట్టే అనిపించేది, గుంజల మీద గుంజలు. వాటి మీద నిలబడి ఎవరిని తోలుతారో అనుకునేదాన్ని. మేమే తోలబడ్డాం అని కొందరంటారు. నేను అనను. మా నాయన చేను అమ్మాడు, ఆ డబ్బుతో ఆడపిల్లకు, మగపిల్లవాడికి గూడు కట్టాడు, చేను అమ్మించడంలో సగం నా మొండితనమే. చేను ఉంటే నా మనవరాలు కూడా డబ్బా కొట్టుకుంటూ అంచుల వెంట తిరిగేది. పాతకాలం అంతా తియ్యగా ఉండేదని నేను చెప్పను. ఆ చలిలో అరికాళ్లు పగిలి నెత్తురు కారేది. జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయే బండి లేక మనిషి పోయేది. మా అవ్వ పోయింది అట్లాగే.

మ్యూజియం గుమ్మంలో యాదగిరి చెప్పులు విడిచాడు. వాణ్ని చూసి నేనూ విడిచాను. నేల అద్దంలా ఉంది మరి. కాపలా ఆయన, పాలమూరు మాట, "పెద్దాయనా, చెప్పులేసుకోవచ్చు" అన్నాడు. "వద్దులే నాయనా, తల్లి కాడికి పోతున్నం" అన్నాడు యాదగిరి. వాడు ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే ఆ కాపలా ఆయన చెప్పులు ఒక పక్కకు జరిపి పెట్టాడు. లోపల చల్లటి నేల మీద వట్టికాళ్లతో నడుస్తుంటే చిన్ననాటి చేను అంచుల మంచు గుర్తొచ్చింది. అందరూ గుసగుసలుగా మాట్లాడుతున్నారు. పొద్దున చెరువు కాడా అదే, ఇక్కడా అదే. ఈ కాలపు పిల్లలు ఇష్టమైనదాని ముందర గొంతు తగ్గిస్తారు. మేం గొంతు పెంచేవాళ్లం. ఏది మర్యాదో నాకు తెలియదు. ఒక గదిలో ఇనుప ముక్కలతో చేసిన ఎద్దు ఉంది. యాదగిరి దాని చుట్టూ తిరిగి, "అక్కా, దీని కడుపు ఆటో సైలెన్సర్! చూడు, వెల్డింగు ఎంత బాగ కొట్టిండో!" అని గట్టిగా అన్నాడు. ఎద్దు దగ్గర నుంచి కదలడు. వాడు కావాలనే ఆలస్యం చేస్తున్నాడని నాకు అప్పుడు అర్థమైంది. పక్క గదిలోనే అవ్వ. ముఖం కనబడకపోతే? వేరే మనిషి అయితే? నేను వాడి చెయ్యి పట్టుకున్నాను.

బొమ్మ చిన్నది, రెండు అరచేతులంత. అద్దం వెనక. కింద చీటీ. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక, రమ్యతోపాటు ఒకే పలక మీద దిద్దుకున్నాను, కాబట్టి ఎక్కడ తెలుగు కనబడినా ముందు అదే చదువుతాను. వేలు పెట్టి చదివాను. "పిట్టల కావలి. పేరు తెలియని స్త్రీ." తరవాత తల ఎత్తి చూశాను.

ముఖం ఉంది. చక్కగా ఉంది. కళ్లు, బుగ్గ ఎముక, కూత పెడుతూ తెరిచిన నోరు, అన్నీ ఉన్నాయి. కానీ నాకు తెలియదు ఆమె ఎవరో.

"ఈమేనా అక్కా?" అన్నాడు యాదగిరి.

నా అవ్వ పెద్దది. ఈమె పీచులా ఉంది. మెడ సన్నం, మోచేతులు పుల్లలు, రవికె భుజం మీద నుంచి జారుతోంది. పక్కింటి హాస్టల్ పిల్లలా ఉంది. బొమ్మలాయన ఇంకెవరినో మా మంచె మీద నిలబెట్టి గీశాడా? అరవై ఏళ్ల కిందటి చేను, అరవై ఏళ్ల కిందటి గుండు, అన్నీ మావే, మనిషి మాత్రం పరాయి. వాడికేం చెప్పను? గడ్డం గీయించుకుని వచ్చాడు. అబద్ధమాడి అవునందామా అని ఒక్క క్షణం అనిపించింది. నా నోరు అటువంటిది కాదు.

"తెలుస్తలేదురా. అవ్వ గింత చిన్నగ ఉండకపోయేది."

వాడు నన్ను తిట్టలేదు. ఏడవలేదు. బొమ్మనే చూస్తున్నాడు. చూసి చూసి, "గీమె పుర్రచేత్తోని తిప్పుతుందేందే?" అన్నాడు.

పుర్రచెయ్యి. వడిసెల ఎడమ చేతిలో ఉంది. నా వీపు మీద ఎవరో చరిచినట్టయింది. నాయనమ్మ గొంతు వినబడింది, ఎన్నో ఏళ్లుగా వినబడనిది. "పుర్రచెయ్యిదానా, గా చేత్తోని పెట్టకే అన్నం!" గటక వడ్డించేటప్పుడు ఆ చేతి మీద గరిటెతో కొట్టేది. అవ్వ నవ్వి గరిటె కుడి చేతికి మార్చుకునేది, నాయనమ్మ అటు తిరగగానే మళ్లీ ఎడమ చేతికి. మంచె మీద మాత్రం ఎవరూ కొట్టేవాళ్లు లేరు. అక్కడ ఆ చెయ్యి ఆమె ఇష్టం. ఇంత సంగతి నేనెట్లా మరిచిపోయాను? మళ్లీ ముఖం చూశాను. ఈసారి కింద నుంచి చూసినట్టు చూశాను, నా నడుమంత ఎత్తులో నిలబడి, మంచె గుంజ పట్టుకుని, పైకి. అప్పుడు తెలిసింది. అవ్వ పెద్దది కాదు, నేను చిన్నదాన్ని. రమ్య నా పక్కనే నిలబడి ఉంది. దాన్ని చూశాను, బొమ్మను చూశాను. మా అవ్వ నా మనవరాలి కంటే చిన్నది.

"అవ్వేరా" అన్నాను. "అవ్వే!" గట్టిగానే అని ఉంటాను, గదిలో అందరూ తిరిగారు. చీటీలు చూసుకునే మ్యూజియం అమ్మాయి పరిగెత్తుకొచ్చింది, ఏమైందమ్మా అని. "పేరు తెలియదు అని రాసిన్రు. మీకు తెల్వదు, నాకు తెలుసు. మల్లమ్మ. రాసుకో బిడ్డా" అన్నాను. ఆ అమ్మాయి మంచిది. నిజంగానే రాసుకుంది, మా వివరాలు రమ్యను అడిగి తీసుకుంది, పైవాళ్లకు చెప్తానంది. కిరణ్, గుంపు పిల్లలు అందరూ చుట్టూ మూగారు. "ఈమె కూడా మీలాగే అరిచేవారా అండి?" అని కిరణ్ అడిగాడు. "నాది ఆమె కూతే. ఆమె పెడితే మీ పిట్టలు మళ్ల మంచు కొండల కాడ దిగేటివి" అన్నాను. ఆ గదిలో గుసగుసలు పోయాయి. అందరికీ గుండు చూపిస్తున్నాను, చేను అంచు చూపిస్తున్నాను. నేను బొమ్మలో లేను. అవతలి మూల డబ్బా కొడుతుండి ఉంటాను. జర కడుపు మండింది, దాచుకోను.

యాదగిరి మాత్రం ఆ గోలలో లేడు. "నేనప్పటికి పుట్టిన్నా?" అని నెమ్మదిగా అడిగాడు.

నేను దగ్గరికి వంగి వెతికాను. మంచె కింద రెండు గుంజలకు కట్టిన చీర తొట్టెల ఉంది. దాంట్లో మూటలా ఏదో బరువు, కిందికి వేలాడుతూ. బొమ్మలాయన దాన్ని నాలుగు గీతల్లో గీశాడు.

"ఇగో. గీ మూటల ఉన్నది నువ్వే."

"గింతేనా?"

"గింతే. ఏడుపు మాత్రం ఊరంత."

వాడు నవ్వాడు. నవ్వుతూనే అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరికి వంగాడు. కాపలా ఆయన ఒక అడుగు ముందుకు వేసి, ఆగిపోయాడు. వాడు పుట్టి బుద్ధెరిగినాక ఎవరినీ అవ్వా అని పిలవలేదు. నన్ను అక్కా అన్నాడు, నాయనమ్మను నాయనమ్మ అన్నాడు. ఆ ఒక్క మాటా వాడి నోట్లో కొత్తగా, వాడని గిన్నెలా ఉండిపోయింది. ఇప్పుడు అంటాడని నేను పక్కన నిలబడి ఎదురుచూశాను. వాడు చాలాసేపు ఆ ముఖాన్ని చూశాడు. ఆమెది వాడి పెద్ద మనవరాలి వయసు. జారుతున్న రవికె, పుల్లల్లాంటి మోచేతులు, చలిలో తెరిచిన నోరు.

"గింత సలిల గంత పలసటి చీర కట్టుకున్నవేందే బిడ్డా" అన్నాడు.